మురబ్బాకు కొలతే ప్రాణం

జనగామ గుట్టలపై సీతాఫలం, మహబూబాబాద్ తోటల్లో మామిడి, భూపాలపల్లి అడవుల్లో ఉసిరి ఈ జిల్లాలకు అల్లాహ్ ప్రసాదించిన వరాలు. అయితే కాయ విరగకాసినప్పుడే ధర పడిపోతుంది. అమ్ముడుపోని పండు గంపలోనే కుళ్ళిపోతుంది. ఆ పండును సీసాలో భద్రపరచగలిగితే ఇంటికి రుచి, ఇల్లాలికి ఆదాయం. స్త్రీ సంపాదనపై హక్కు ఆమెదేనని ఇస్లాం ఏనాడో గుర్తించింది.

జామ్ కుదరడం హస్తవాసి అని చాలామంది భావిస్తారు. నిజానికి అది కొలతల లెక్క. పండులోని పెక్టిన్ అనే పదార్థం, పులుపు, చక్కెర సమపాళ్ళలో కలిసినప్పుడే అది గట్టిపడుతుంది. పెక్టిన్ సమృద్ధిగా గల జామపండుతో ప్రారంభించడం మేలు. గింజలు తీసిన కిలో గుజ్జుకు ముప్పావు కిలో చక్కెర, రెండు నిమ్మకాయల రసం చాలు. అడుగంటకుండా కలుపుతూ 105 డిగ్రీల సెల్సియస్ వేడి వరకు ఉడికించాలి. థర్మామీటరు లేనివారు చల్లని పళ్ళెంలో ఒక చుక్క వేసి చూడవచ్చు. అది జారక నిలిస్తే దించవచ్చు. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం జామ్‌లో సాధారణంగా పండు 45 శాతానికి, కరిగిన ఘనపదార్థాలు 65 శాతానికి తగ్గరాదు. చక్కెర తగ్గితే బూజు పడుతుంది.

బజారులో దొరికే కొన్ని జెల్లీ మిఠాయిలను జంతువుల చర్మం, ఎముకల నుండి తీసిన జెలటిన్‌తో గట్టిపరుస్తారు. దాని మూలం తెలియనప్పుడు హలాల్ విషయంలో సందేహం తప్పదు. ఇంటి జామ్‌కు పండులోని పెక్టినే ఆధారం గనుక ఆ చిక్కు లేదు.

ఉసిరి మురబ్బాకు ఓర్పు అవసరం. కాయలను ముల్లుతో గుచ్చి, కొద్దిగా ఉడికించి, సమాన తూకం చక్కెరలో పొరలుగా వేయాలి. మరునాడు ఊరిన పాకాన్ని మాత్రమే మరిగించి, చల్లార్చి తిరిగి కాయలపై పోయాలి. పాకం తేనెలా చిక్కబడే వరకు రోజూ ఇలాగే చేయాలి. మొదటే చిక్కని పాకంలో వేస్తే కాయలోని నీరు ఒక్కసారిగా బయటకు వచ్చి, కాయ ముడుచుకుపోతుంది.

సీతాఫలం మాత్రం పొయ్యికి లొంగదు. వేడి తగిలితే గుజ్జు చేదెక్కుతుంది. దానిని ఉడికించకుండా ఫ్రీజర్‌లో దాచడమే సరైన మార్గం.

పాత్ర విషయంలోనూ జాగ్రత్త అవసరం. జనగామ దగ్గరి పెంబర్తి ఇత్తడి పనికి పేరెన్నికగన్న గ్రామం. అయితే ఎంత మంచి ఇత్తడి పాత్రయినా కళాయి లేకుండా అందులో పులుపు వండరాదు. పులుపు రాగిని కరిగించి ఆహారంలో కలుపుతుంది. స్టీలు పాత్ర శ్రేయస్కరం. సీసాలను నీటిలో మరిగించి, తడి పూర్తిగా ఆరిన తరువాతే నింపాలి.

పెంబర్తి ఇత్తడికీ, భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ టస్సర్ పట్టుకూ పేరు వచ్చింది పనితనం వల్లనే. ఇంటి మురబ్బాకు కూడా అదే మార్గం. అమ్మదలచినవారు ముందుగా ఆహార భద్రతా సంస్థ వద్ద నమోదు చేసుకోవాలి. ఏ పండు, ఎంత చక్కెర, ఎంత తూకం, ఏ రోజు తయారీ అన్న వివరాలు సీసాపై ఉన్నదున్నట్లు వ్రాయాలి. తూకంలో నిజాయితీ ఉన్న ఇంటి గడప కొన్నవారు మళ్ళీ తొక్కుతారు.