ఇంటర్ గడప దగ్గరే ఆగిపోతున్న మన మగపిల్లలు

1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. అదే ఏడాది ఆ పక్కనే గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ వెలిసింది. నేడు గచ్చిబౌలిలోనే ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడింది కూడా 1998లోనే. పాతికేళ్లు దాటాయి. రాళ్లగుట్టలున్న చోట అద్దాల మేడలు లేచాయి. దేశం నలుమూలల నుంచి యువకులు వచ్చి అక్కడ కొలువులు చేస్తున్నారు. షేక్‌పేట, టోలీచౌకి, బోరబండ, హఫీజ్‌పేటల నుంచి, నల్లగొండ, మహబూబ్‌నగర్, మెదక్ పల్లెల నుంచి మన పిల్లలు కూడా ఆ మేడల దగ్గరికి వెళ్తూనే ఉన్నారు. అయితే వారిలో కంప్యూటరు ముందు కూర్చునేవారు ఎందరు? క్యాబు నడిపేవారు, టైల్స్ పరిచేవారు, భోజనం పొట్లాలు అందించేవారు ఎందరు? ఈ ప్రశ్నను మనం నిజాయితీగా వేసుకోవాలి.

హలాల్ సంపాదన ఏదైనా గౌరవమైనదే. రెక్కల కష్టం చేసుకునేవారిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కానీ ఇష్టపడి ఎంచుకున్న పని వేరు, ఇంటర్ తప్పి మరో దారి లేక చేరిన పని వేరు. మన మగపిల్లల్లో రెండో బాట పట్టినవారే ఎక్కువగా కనిపించడం శోచనీయం.

2024 ఏప్రిల్‌లో వెలువడిన తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలనే తీసుకుందాం. మొదటి సంవత్సరంలో బాలికలు 68.35 శాతం ఉత్తీర్ణులైతే, బాలురు 51.50 శాతమే గట్టెక్కారు. రెండో సంవత్సరంలో బాలికలు 72.53 శాతం, బాలురు 56.10 శాతం. ఇవి అన్ని వర్గాల పిల్లలకూ కలిపి వచ్చిన లెక్కలు. మగపిల్లల వెనుకబాటు మన ఒక్కరి సమస్య కాదని ఇవి చెబుతున్నాయి. అయితే ఒకసారి తప్పిన కొడుకును మరో ఏడాది కూర్చోబెట్టి చదివించే స్తోమత అన్ని ఇళ్లకూ ఒకేలా ఉండదు. దేశ జనాభాలో 2011 లెక్కల ప్రకారం ముస్లింలు 14.2 శాతం. కేంద్ర ప్రభుత్వ ఉన్నత విద్యా సర్వే ప్రకారం కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో చదివేవారిలో మన వాటా 2019-20లో 5.5 శాతం, కరోనా ఏడాది 2020-21లో 4.6 శాతం. ఇంటర్ దాటనివారు పైచదువుల లెక్కలో కనబడరు కదా.

అవకాశాలే లేవా అంటే, ఉన్నాయి. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకుల విద్య ఈ గడ్డకు కొత్త కాదు. 2007 చట్టంతో ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. 2016లో తెలంగాణ ప్రభుత్వం 71 మైనారిటీ గురుకుల పాఠశాలలు తెరిచింది. తర్వాత వాటి సంఖ్య 204కు చేరింది. అందులో సగానికి పైగా మగపిల్లలవే. జూనియర్ కళాశాల తరగతులూ వాటికి తోడయ్యాయి. పుస్తకం, భోజనం, పడక అన్నీ ఉచితమే. తలుపు తెరుచుకుంది. లోపలికి అడుగుపెట్టినవారిలో ఎందరు పాసై బయటికి వస్తున్నారన్నదే ఇప్పుడు అడగవలసిన మాట.

పదో తరగతి గట్టెక్కిన అబ్బాయి ఇంటర్‌లో ఎందుకు బోల్తా పడుతున్నాడు? మొదటి కారణం భాష. పదేళ్లు ఉర్దూలోనో తెలుగులోనో చదివినవాడి చేతికి ఒక్కసారిగా ఇంగ్లీషు భౌతికశాస్త్రం పుస్తకం వస్తుంది. లెక్క రాక ఆగిపోయాడని మనం అనుకుంటాం. చాలాసార్లు ప్రశ్న అర్థం కాకనే ఆగిపోతాడు. రెండోది గ్రూపు ఎంపిక. పక్కింటివారి అబ్బాయి ఎంపీసీలో చేరాడని మన అబ్బాయినీ అందులోకే తోస్తాం. వాడికి లెక్కల మీద ఆసక్తి ఉందా, సీఈసీలోనో ఎంఈసీలోనో రాణిస్తాడా అని అడిగేవారు తక్కువ. మూడోది హాజరు. జూన్‌లో కళాశాల తెరిస్తే ఆగస్టులో చేరేవారున్నారు. వలీమా అర్ధరాత్రి దాకా సాగితే మర్నాటి తరగతి పోయినట్టే. నాలుగోది అన్నింటికన్నా బలమైనది. పద్దెనిమిదేళ్లు నిండగానే లైసెన్సు, బండి, చేతిలో ఫోను ఉంటే ఐటీ కారిడార్‌లో ఆ రోజు కూలి ఆ రోజే దొరుకుతుంది. అబ్బా సంపాదన చాలని ఇంట్లో పెద్దకొడుకు మనసు పుస్తకం మీద నిలవడం కష్టం.

దీనికి తోడు మరో చిక్కు ఉంది. మొదటి సంవత్సరంలో సబ్జెక్టులు తప్పినా రెండో సంవత్సరంలో కూర్చోనిస్తారు. అది పిల్లవాడికి మేలు చేసే నిబంధనే. కానీ సప్లిమెంటరీలో గట్టెక్కకపోతే పాత బాకీ మీద కొత్త బాకీ చేరుతుంది. చివరికి మోయలేని బరువై మౌనంగా చదువు మానేస్తాడు.

ఫలితాల రోజున కళాశాలల గోడల మీద ఫ్లెక్సీలు వెలుస్తాయి. పది మంది ఫోటోలు, వారి మార్కులు. అభినందించవలసిందే. కానీ రెండేళ్ల కిందట చేరినవారు ఎందరు, పరీక్ష రాసినవారు ఎందరు, పాసైనవారు ఎందరు అన్న మూడు అంకెలు ఏ ఫ్లెక్సీ మీదా ఉండవు. మగపిల్లల కళాశాల బాగోగులను తేల్చేది ఆ మూడు అంకెలే. మొదటి బెంచీ అబ్బాయి ఎక్కడైనా చదువుకుంటాడు. చివరి బెంచీ అబ్బాయిని దాటించినప్పుడే అది మంచి కళాశాల.

ఇది సాధ్యమేనని మన పొరుగునే రుజువైంది. కర్ణాటకలోని బీదర్‌లో 1989లో కొద్దిమంది పిల్లలతో మొదలైన షాహీన్ విద్యాసంస్థలు వెనుకబడిన విద్యార్థుల కోసం ‘అకడమిక్ ఇంటెన్సివ్ కేర్ యూనిట్’ పేరుతో ప్రత్యేక విభాగం నడుపుతున్నాయి. ఆసుపత్రిలో సుస్తీ ఎక్కువగా ఉన్నవారిని విడిగా చూసినట్టే, బడి మానేసినవారిని, మదరసాల నుంచి వచ్చినవారిని కొద్దిమంది చొప్పున కూర్చోబెట్టి పునాది పాఠాల నుంచి చెబుతారు.

లండన్‌లో మన హైటెక్ సిటీని తలపించే ప్రాంతం ఒకటుంది. కానరీ వార్ఫ్ బ్యాంకుల ఆకాశహర్మ్యాలున్న టవర్ హామ్లెట్స్ ప్రాంతంలో పేద బంగ్లాదేశీ ముస్లిం కుటుంబాలు ఎక్కువ. 1990ల చివర ఇంగ్లండ్‌లోని 149 స్థానిక విద్యా ప్రాంతాల్లో దానిది 149వ స్థానం. 2012 నాటికి పదహారేళ్ల పిల్లలు రాసే జీసీఎస్ఈ పరీక్షల్లో ఆ ప్రాంతం దేశ సగటును దాటింది. బలహీనమైన ప్రధానోపాధ్యాయులను మార్చారు. ఒక్కొక్క విద్యార్థి ప్రగతినీ విడిగా లెక్కగట్టారు. హాజరు విషయంలో పట్టుబట్టారు. పిల్లలు బడి మానకుండా చూసే పనిలో ఈస్ట్ లండన్ మస్జిద్ కూడా పాలుపంచుకుంది.

మన కళాశాలల్లో ఏం చేయవచ్చు? చేరిన మొదటి నెలలోనే పదో తరగతి లెక్కలు, ఇంగ్లీషు ఎంతవరకు వచ్చో చూసి, రానివారికి ఆ నెలంతా అవే చెప్పాలి. ప్రతి పాఠంలోని ఇంగ్లీషు మాటలకు ఉర్దూ, తెలుగు అర్థాలు రాయించాలి. వారానికొక చిన్న పరీక్ష పెట్టి తప్పులను మర్నాడే దిద్దించాలి. 2024 పరీక్షల గణిత పేపరునే చూడండి. ఒక్కో పేపరుకు 75 మార్కులు, పాసుకు 35 శాతం, అంటే 26 దాటాలనుకుందాం. రెండేసి మార్కుల చిన్న ప్రశ్నలు పది, అన్నీ కలిపి 20 మార్కులు. వాటితో పాటు నాలుగేసి మార్కుల ప్రశ్నలు రెండు సరిగ్గా చేస్తే 28. చివరి బెంచీ అబ్బాయికి ఈ లెక్క వేసి చూపిస్తే భయం సగం పోతుంది. పాసయ్యాక పైమెట్టు గురించి మాట్లాడవచ్చు. ఇంటర్‌లో గణితం చదివి మంచి మార్కులు తెచ్చుకున్నవారికి శిక్షణ ఇచ్చి కొలువులోకి తీసుకునే ‘టెక్‌బీ’ పథకాన్ని హెచ్‌సీఎల్ సంస్థ 2017 నుంచి నడుపుతోంది. చదువుతో పాటు సంపాదన కావాలనే ఇళ్లు ఇలాంటి దారులు తెలుసుకోవాలి.

ప్రభుత్వ బాధ్యత కూడా చిన్నదేమీ కాదు. అనేక గురుకులాలు అద్దె భవనాల్లోనే నడుస్తున్నాయి. 2024 అక్టోబరులో అద్దె బకాయిల కోసం రాష్ట్రంలో పలుచోట్ల గురుకుల భవనాలకు యజమానులు తాళాలు వేశారు. గేటు బయట నిలబడ్డ పిల్లవాడికి ఏ పద్ధతిలో పాఠం చెప్పినా ప్రయోజనం ఏముంది? సొంత భవనాలు, ప్రయోగశాలలు, ఏడాది పొడవునా ఉండే అధ్యాపకులు కావాలని గట్టిగా అడగడం మన హక్కు.

ఇంటి వంతు ఇంటిది. నెలకొకసారి అబ్బానో అమ్మీనో కళాశాలకు వెళ్లి హాజరు పట్టీ చూడాలి. పరీక్షలయ్యేదాకా వాడి చేతికి బండి ఇచ్చి పనికి పంపకూడదు. ఒక్క గది ఇళ్లలో చదువుకోవడానికి చోటుండదు కాబట్టి ఇషా నమాజు తర్వాత రెండు గంటలు మస్జిద్ కమిటీలు ఒక గది, ఒక దీపం, పర్యవేక్షణకు ఒక పెద్దమనిషిని ఏర్పాటు చేయవచ్చు.

ఈ జుమా నమాజు తర్వాత ప్రతి పేటలోనూ పెద్దలు కూర్చుని ఒక లెక్క తీయాలని మా మనవి. మూడేళ్ల కిందట పదో తరగతి పాసైన మన పేట అబ్బాయిలు ఎందరు? వారిలో ఇంటర్ పాసైంది ఎందరు? మిగిలినవారి పేర్లు రాసుకుని, ఆ ఇళ్ల తలుపులు తట్టి, రాబోయే సప్లిమెంటరీకి ఫీజు కట్టించాలి.