మార్కులకు శాలువా, వెల్డింగ్ చేతికి ఎగతాళి: ఇదేనా మన సంఘం?



ఇది పొడుగు పోస్టు. ఓపికగా చదవండి. కోపం వస్తే చివరిదాకా చదివినాక కోప్పడండి. రాసింది ఒక్కరు కాదు. కల్లావి చుట్టుపక్కల ఉండే మేము ఐదుగురం కూర్చుని మాట్లాడుకొని రాసినాం.

మొన్నటి బహుమతుల సభలో ప్లస్ టూ మార్కులు బాగా తెచ్చుకున్న పిల్లలకు శాలువాలు కప్పినాం, షీల్డులు ఇచ్చినాం. మంచిదే. ఆ పిల్లలు మన పిల్లలే. అయితే అదే మైకులో ఒక పెద్దాయన తమాషాకు ఒక మాట అన్నారు: "చదువుకోండి నాయనా, లేదంటే కల్లావిలో మాదిరి కొట్టంలో ఇనుము కాల్చుకుంటా కూర్చోవాల." సభంతా నవ్వింది. ఎవరి గురించి అన్నారో అందరికీ తెలుసు. ఆ పిలగాడు అప్పుడు వెనక వరుసల్లో కుర్చీలు సర్దుతా ఉన్నాడు. వాళ్లమ్మ ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉంది. ఆమె తలకాయ వంచుకోవడం మేము చూసినాం.

చూసి కూడా మేమూ నవ్వినాం. ఆ తప్పు ముందు ఒప్పుకొని మిగతాది రాస్తున్నాం.

ఆ పిలగాడు చేస్తున్నది ఏమిటో చాలామందికి తెలియదు. పాత మారుతి ఎస్టీమ్ ఒకటి కొన్నాడు. 1,298 సీసీ ఇంజిన్. దానికి టర్బో బిగించాలని రెండేళ్లుగా వాళ్ల పశువుల కొట్టంలో పని చేస్తున్నాడు. టర్బో అంటే పెద్ద మాయ కాదు. ఇంజిన్ నుంచి బయటికి పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొనలో ఉన్న చక్రం గాలిని పీల్చి, అదిమి ఇంజిన్‌లోకి తోస్తుంది. ఊరికే పోయే పొగతోనే పని చేయించుకోవడం అన్నమాట. స్విట్జర్లాండ్ ఇంజనీర్ ఆల్‌ఫ్రెడ్ బూచి 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఈరోజు మన హైవే మీద పోయే కొత్త డీజిల్ లారీల్లో టర్బో లేనిది కనపడదు.

టర్బో అంగడిలో దొరుకుతుంది. దాన్ని ఆ కారుకు కలిపే సామాను దొరకదు. ఇంజిన్ హెడ్‌కు, టర్బోకు మధ్య వచ్చే మానిఫోల్డ్, టర్బో నుంచి సైలెన్సర్‌కు పోయే పైపు, నూనె తిరిగి ఇంజిన్‌లోకి దిగే దారి, గాలి పైపులు, అన్నీ చేత్తో చేసుకోవాల్సిందే. కొలవాలి, కోయాలి, ఆకురాయి పట్టాలి, అతకాలి. ఆ పిలగాడు చేస్తున్నది ఇదే. మనం "ఇనుము కాల్చడం" అని నవ్వింది దీన్నే.

ఆ అతుకు ఎంత గట్టిగా ఉండాలో ఆలోచించండి. పెట్రోల్ ఇంజిన్ జోరుగా తిరిగేటప్పుడు అక్కడ పొగ వేడి 900 డిగ్రీల దాకా పోతుంది. లోపలి చక్రం నిమిషానికి లక్ష చుట్ల పైన తిరుగుతుంది. 40 సెంటీమీటర్ల స్టెయిన్‌లెస్ పైపు 800 డిగ్రీలకు కాగితే 5 మిల్లీమీటర్ల పైనే సాగుతుంది, చల్లారితే మళ్లీ కుంచించుకుంటుంది. బండి తీసిన ప్రతిసారీ ఇదే సాగడం, ఇదే ముడుచుకోవడం. మామూలు ఇనుము సాగేది వేరు, స్టెయిన్‌లెస్ సాగేది వేరు. రెంటినీ అతికితే ఆ తేడా అంతా అతుకు మీదే పడుతుంది. దేన్ని దేనితో అతకాలి, ఏ కడ్డీ వాడాలి, ఎక్కడ సాగడానికి చోటు వదలాలి, ఇదంతా తెలియకపోతే మానిఫోల్డ్ పగిలి తీరుతుంది.

పగిలింది కూడా. దాచిపెట్టడం లేదు. మొదటిసారి చేసిన మానిఫోల్డ్ రెండు వారాలకే ఫ్లాంజ్ పక్కన చీలింది. వేడి పొగ తగిలి పక్కనున్న వైర్లు కాలినాయి. ఇసుక పోసి ఆర్పినారు. ఆ ఫోటోలే మన గుంపుల్లో తిరిగినాయి, "ఇదేనా చదువు" అని కింద నవ్వు బొమ్మలతో. ఆ తర్వాత వాడు ఏం చేసినాడో మాత్రం ఎవరూ పంచుకోలేదు. చీలిన ముక్కను కోసి చూసుకున్నాడు. పైపు లోపలి వైపు అతుకు నల్లగా, మాడిన పంచదార పాకం మాదిరి పొక్కులు పొక్కులుగా ఉంది. టిగ్ వెల్డింగ్ చేసేటప్పుడు బయట ఆర్గాన్ గ్యాస్ కాపాడుతుంది. లోపలి వైపు కూడా ఆర్గాన్ నింపకపోతే, కాగిన స్టెయిన్‌లెస్‌ను గాలి తినేస్తుంది. అతుకు బలం పోతుంది. పైగా ఆ పొక్కులు రాలితే లక్ష చుట్లు తిరిగే చక్రానికే పోయి తగులుతాయి. రెండోసారి పైపు రెండు కొనలూ మూసి, లోపల గ్యాస్ నింపి అతికినాడు. ఫ్లాంజ్ వంగకుండా పాత ఇంజిన్ హెడ్‌కు బోల్టులు బిగించి, ఒకచోటే ఆగకుండా అటొక ముక్క ఇటొక ముక్క అతుకుతూ పోయినాడు. టర్బో బరువు మానిఫోల్డ్ మీద వేలాడకుండా కింద ఆనుడు పెట్టినాడు.

తప్పు చేసి, దాన్ని కోసి చూసి, కారణం కనుక్కొని, మళ్లీ చేయడం చదువు కాకపోతే మరి చదువు అంటే ఏమిటి? లోహం, వేడి, గ్యాస్, కొలత అన్నీ ఇందులో ఉన్నాయి. కాగితం మీద రాస్తే శాలువా, చేతితో చేస్తే ఎగతాళి అంటే మాకు అర్థం కాలేదు.

"చేతిపని మనవాళ్లకు గౌరవం కాదు" అని ఒకాయన మాతో ముఖం మీదే అన్నారు. అయ్యా, మన సభల్లో గొప్పవాళ్ల పేర్లు చెప్పేటప్పుడు జి.డి.నాయుడు పేరు వదలం కదా. కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో తెలుగు కుటుంబంలో 1893లో పుట్టిన మనిషి. బడి చదువు సగంలోనే ఆగిపోయింది. మోటార్ సైకిల్ కొనాలని హోటల్లో సర్వరుగా పని చేసి డబ్బు కూడబెట్టినాడు. కొన్నాక దాన్ని విప్పి, మళ్లీ బిగించి నేర్చుకున్నాడు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టినాడు. 1937లో ఆయన పూనికతోనే దేశంలో మొదటి ఎలక్ట్రిక్ మోటారు కోయంబత్తూరులో తయారైంది. 1945లో పాలిటెక్నిక్ పెట్టడానికి ముందు నిలబడినాడు. పిల్లలకు చేతిపని నేర్పాలని, ఇంజనీరింగుకు నాలుగేళ్లు తరగతిలో కూర్చోబెట్టడం కాలం దండగ అని వాదించినాడు. ఆ మోటార్ సైకిల్ విప్పిన రోజుల్లో ఆయన మన సంఘం సభ్యుడి కొడుకై ఉంటే, మన మైకులో ఆయన గురించి ఏమనేవాళ్లం? "గ్యారేజీలో పాడైపోతున్నాడు" అనేవాళ్లం. పోయినాక ఫోటోకు దండ వేస్తాం, బతికి పని నేర్చుకునేటప్పుడు నవ్వుతాం.

ఇక్కడిదాకా చదివి సంబరపడుతున్న కుర్రాళ్లకు ఇప్పుడు రెండు మాటలు. మేము మీ పక్షమే కాబట్టి గట్టిగానే చెబుతాం.

ఆ కొట్టంలోకి వెళ్లి చూసినాం. మొదటి మానిఫోల్డ్‌కు వాడిన ఒక ముక్క పాత బోరు పైపు, అంటే జీఐ పైపు. దాని మీద జింకు పూత ఉంటుంది. వెల్డింగ్ చేస్తే ఆ పూత పొగై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రాత్రికి చలిజ్వరం వస్తుంది. "ఎండదెబ్బ అనుకొంటి మామా" అన్నాడు వాడు. బ్రేక్ క్లీనర్ కొట్టి, ఆరకముందే ఆర్క్ పెట్టే అలవాటు ఇంకొంతమందికి ఉంది. క్లోరిన్ కలిసిన క్లీనర్ అయితే ఆ వేడికి ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. యుద్ధంలో మనుషుల్ని చంపడానికి వాడిన గ్యాస్ అది. ముసుగు లేకుండా "ఒక్క టాకాయే కదా" అని కళ్లు కాల్చుకొని రాత్రంతా నిద్రలేక ఏడ్చినవాళ్లు మీలో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. ఎవరూ చెప్పలేదు కాబట్టి తెలియదు అంటారు. నిజమే. చెప్పాల్సింది ఎవరు? అక్కడికే వస్తున్నాం.

ఇంకొకటి. కారు రోడ్డు మీదికి తేవడం. కృష్ణగిరి, హోసూరు హైవే మీద రాత్రిపూట వీడియోలు తీసి పెడుతున్నారు. వాటికి మనవాళ్లే లైకులు కొడుతున్నారు. మాలో ఇద్దరం కొట్టినాం, తీసేసినాం. మానిఫోల్డ్ పగిలేది కొట్టంలో అయితే ఇసుక ఉంది. హైవేలో అయితే పక్క లేనులో ఎవరిదో సంసారం టూవీలర్ మీద పోతూ ఉంటుంది. నూనె పైపు తెగి ఎర్రగా కాగిన మానిఫోల్డ్ మీద నూనె పడితే కారు అంటుకుంటుంది. చట్టం కూడా తమాషా కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జుర్మానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టినారు. ఇన్సూరెన్స్ వాళ్లు కూడా చేతులెత్తేస్తారు. తెలిసి తెలిసి రోడ్డు మీదికి తెచ్చే కుర్రాడి తరఫున మేము పోలీస్ స్టేషన్‌కు రాము. ముందే చెప్పేస్తున్నాం.

ఇలాంటి కారుకు చోటు ట్రాక్. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది, శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ ఉంది. ఆ కరి పేరు ఎస్.కరివర్ధన్‌ది. మారుతి 800 ఇంజిన్ పెట్టి మామూలు కుర్రాళ్లకు అందే రేసు కారు చేసిన మనిషి. ఆయన కూడా ఇంజిన్ తీసి ఇంకోదానికి బిగించినవాడే. కానీ రోడ్డు మీద కాదు, ట్రాక్ మీద, తనిఖీ తర్వాత.

"ఇదంతా బాగుంది, సంఘానికేం పని?" అంటారు. పని ఉంది. మన కుర్రాళ్లలో ఎంతమంది హోసూరు సిప్‌కాట్ ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పనికి పోతున్నారో లెక్క మీ దగ్గరే ఉంది. డిగ్రీ కాగితం పట్టుకొని ఏ పనీ చేతకాక గేటు దగ్గర నిలబడేవాళ్లను చూస్తూనే ఉన్నాం. స్టెయిన్‌లెస్ పైపును లోపల గ్యాస్ నింపి శుభ్రంగా అతికే చేతిని వెతుక్కొని పిలుస్తారు. పాల డెయిరీకి కావాలి, మందుల ఫ్యాక్టరీకి కావాలి, బాయిలరుకు కావాలి. ఆ పిలగాడి చేతిలో ఉన్నది ఆ పనే. లేనిది పరీక్ష, కాగితం, దారి చూపే పెద్దవాడు. ఆ మూడూ ఇవ్వగలిగింది మనం.

అందుకే వచ్చే సర్వసభ్య సమావేశంలో మేము ఈ నాలుగు అడగబోతున్నాం.

ఒకటి: విద్యానిధిలో కొంత భాగం చేతిపని నేర్చుకునే పిల్లలకు పక్కన పెట్టాలి. ఐటీఐలో వెల్డర్ కోర్సు ఒక ఏడాదే. తిరుచ్చిలో బీహెచ్ఈఎల్ వాళ్ల వెల్డింగ్ పరిశోధన సంస్థ 1975 నుంచి ఉంది, అక్కడ శిక్షణ ఇస్తారు. ఫీజు సంఘం కట్టాలి.

రెండు: సంఘం స్థలంలో వాడకుండా ఉన్న గది ఒకటి ఇవ్వాలి. ఒక టిగ్ మెషీన్, ఆర్గాన్ సిలిండర్, మంచి ముసుగులు, మంట ఆర్పే సిలిండర్. పోయిన వార్షికోత్సవంలో స్టేజీకి, లైట్లకు పెట్టిన ఖర్చు పక్కన ఈ లెక్క పెట్టి చూడండి. రిటైరైన వెల్డర్లు మనలోనే ఉన్నారు. వారానికి ఒక సాయంత్రం వాళ్లు నేర్పాలి.

మూడు: పరీక్ష లేని అతుకుకు సంఘం చప్పట్లు కొట్టకూడదు. ఎర్ర రంగు కొట్టి, తుడిచి, తెల్ల పొడి కొడితే కంటికి కనపడని చీలిక ఎర్రగా బయటపడుతుంది. రెండు మూడు స్ప్రే డబ్బాల పని. ఆ గదిలో చేసిన ఏ ముక్కయినా ఇది దాటాలి. కారును రోడ్డు మీదికి తెచ్చినవాడికి గది తాళం బంద్.

నాలుగు: వచ్చే ఏడాది బహుమతుల సభలో, ప్లస్ టూ పిల్లల పక్కనే, చేతిపని చేసిన పిల్లలకు కూడా శాలువా కప్పాలి. అదే మైకులో పేరు పిలవాలి.

"ఇట్ల ఇస్తే పిల్లలు చదువు మానేస్తారు" అనే భయం ఉంది. మానేసేవాళ్లు ఇప్పుడే మానేస్తున్నారు, ఎగతాళి వాళ్లను ఆపడం లేదు. ఎగతాళి ఒక్క పనే చేస్తోంది. చేతి పనిని కొట్టంలోకి, రాత్రిలోకి, ఎవరూ చూడని చోటికి తోస్తోంది. అక్కడ జింకు పొగ ఉంది, హైవే ఉంది. వెలుగులోకి తెస్తే అక్కడ మనం ఉంటాం.

మొన్న ఆ కొట్టానికి పోయినప్పుడు వాళ్లమ్మ కాఫీ ఇచ్చింది. పాలు పిండే చోటే మానిఫోల్డ్ ఆరబెట్టి ఉంది. "అన్నా, వీనికి నిజంగా ఏమైనా తెలుసా, లేక అందరూ అన్నట్టు పాడైపోతా ఉండాడా?" అని అడిగింది. మేము చెప్పినాం, తెలుసమ్మా అని. ఆమె నమ్మలేదు. మేము ఐదుగురం చెబితే నమ్మదు. సంఘం మైకులో చెబితేనే నమ్ముతుంది, ఎందుకంటే ఆమెను తల వంచుకునేలా చేసింది ఆ మైకే.

సమావేశానికి రండి. ఒప్పుకోకపోయినా రండి, వచ్చి వాదించండి.

మీ కల్లావి సభ్యులు