బండి లేపితే షాకుల కొలత చీటీ రాయాల్సిందే
హనుమాన్ జంక్షన్ పికప్ ఓనర్లకు, డ్రైవర్లకు, మెకానిక్ అన్నలకు ఒక తోటి బండివాడి విన్నపం



ఆంజనేయస్వామి గుడి దగ్గర పావుగంట నిలబడండి. గుడివాడ వైపు నుంచి చేపల ట్రేలు, నూజివీడు నుంచి మామిడి, కైకలూరు చెరువులకు వెళ్ళే మేత బస్తాలు. వీటిని మోసే పికప్పుల్లో వెనక ఎత్తుగా లేచి ఉన్నవెన్నో లెక్కపెట్టండి. ఒకాయన రెండు కమాన్ పట్టీలు అదనంగా ఎక్కించాడు. ఒకాయన ఇరుసుకీ కమానుకీ మధ్య ఇనప దిమ్మ పెట్టించాడు. ఇంకొకాయన పొడుగు షాకిళ్ళు వేయించాడు. శ్రీసిటీలో తయారై మన చెరువు గట్లెక్కిన ఇసుజు పికప్పులకూ ఇదే మోజు. ఇప్పుడు వంగి కిందకి చూడండి. షాకులు కంపెనీవే ఉంటాయి. లేదంటే కొట్లో "హెవీ డ్యూటీ" అని చేతిలో పెట్టినవి ఉంటాయి.

అందుకే అడుగుతున్నాను. ఇకమీదట జంక్షన్‌లో ఏ బండిని లేపినా, షాకుల కొలతలు చీటీ మీద రాసి ఇచ్చాకే పని పూర్తయినట్టు. చీటీ లేకపోతే ఓనరు కూలి ఇవ్వొద్దు. మెకానిక్ బండి వదలొద్దు.

ఈ బుద్ధి నాకు నష్టపోయాక వచ్చింది. రెండంగుళాల దిమ్మ పెట్టించి పాత షాకులే ఉంచాను. బండి ఎత్తుగా ఉందని మురిసిపోయాను కూడా. ఒక వర్షాకాలం గుడివాడ రోడ్డులో గుంటలో చక్రం దిగింది. షాకు అప్పటికే చివరిదాకా సాగి ఉంది, ఇంక సాగడానికి చోటు లేదు. పైకన్ను ఊడొచ్చింది. ఐస్ కరుగుతున్న చేపలతో రోడ్డు పక్కన మూడు గంటలు. ఆ తర్వాత ఒక కొట్లో పొడుగు షాకులు కొన్నాను. ఈసారి బరువు వేయగానే అవి అడుగుకు కొట్టుకుని రాడ్డు వంగింది. మొదటివి పొట్టి, రెండోవి పొడుగు. రెండుసార్లూ టేపు పట్టినవాడు లేడు, నాతో సహా.

షాకు బరువు మొయ్యదు. అది చాలామందికి తెలియదు. బరువు కమాను మోస్తుంది, కమాను ఊగకుండా షాకు పట్టుకుంటుంది. లోపల పిస్టన్ చిన్న రంధ్రాల గుండా ఆయిల్‌ను నెట్టుకుంటూ కదులుతుంది. ఊపు వేడిగా మారి పోతుంది. మన దగ్గర ఈ పని ఎక్కువ. నూజివీడు వైపు ఎర్రనేల, గుడివాడ వైపు నల్లరేగడి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది, పైనున్న రోడ్డు అలలు తేలుతుంది. ఆ అలల మీద షాకుకు క్షణం విశ్రాంతి ఉండదు. ఆయిల్ వేడెక్కి నురగ కడితే పట్టు పోతుంది. అందుకే గ్యాస్ నింపిన షాకుకు నాలుగు రూపాయలు ఎక్కువైనా పెట్టమంటాను, ఆ ఒత్తిడికి నురగ తగ్గుతుంది.

కొలత ఇలా తీయాలి. బండిని చదునైన చోట ఆపి, వెనక షాకు పై బోల్టు నుంచి కింది బోల్టు దాకా కొలవండి. 18 అంగుళాలు వచ్చిందనుకుందాం. ఇరుసుకీ పైనున్న రబ్బరు దిమ్మకీ మధ్య ఖాళీ చూడండి. మూడున్నర అనుకుందాం. అంటే బరువు మీద బోల్టుల మధ్య దూరం పద్నాలుగున్నరకు దిగుతుంది. రబ్బరు నలుగుతుంది కాబట్టి ఇంకో అంగుళం వదలండి. షాకు పూర్తిగా మూసుకుంటే పదమూడున్నరకు మించకూడదు. తర్వాత పాత షాకు విప్పి, ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టి ఇరుసును వేలాడనివ్వండి. ఉత్త జాకీని నమ్మి బండి కిందకి దూరొద్దు. అప్పుడు దూరం 22 ఉంటే, షాకు తెరుచుకుంటే ఇరవై రెండున్నరైనా రావాలి. బ్రేకు హోసు బిగుసుకుంటోందేమో అప్పుడే చూసుకోండి. ఈ రెండు కొలతలకూ సరిపడే షాకు దొరక్కపోతే తప్పు షాకుది కాదు. బండిని అతిగా లేపారు, దింపండి. బిగించేటప్పుడు చివరి బిగింపు బండి చక్రాల మీద నిలబడ్డాకే. లేకపోతే బుష్షు మెలితిరిగి తొందరగా చిరుగుతుంది.

ఇంక గట్టిదనం. మన బండ్లు వెళ్ళేటప్పుడు బరువుతో, వచ్చేటప్పుడు ఖాళీగా. మరీ గట్టి షాకు వేస్తే ఖాళీ బండి వెనక చక్రాలు కుప్పిగంతులేస్తాయి, వానలో బ్రేకు వేస్తే పక్కకి జారుతుంది. మరీ మెత్తనిదైతే కొత్తగా ఎక్కించిన పట్టీల ఎగురు ఆపలేదు. రెండు పట్టీలు కలిపినవాళ్ళు కంపెనీదానికంటే ఒక మెట్టు గట్టిది చూడండి, అంతే. జత జతగా మార్చండి, ఒక్కటి కాదు. వాడుకలో ఉన్నవి బాగున్నాయో లేదో తెలియాలంటే పది కిలోమీటర్లు తోలి దిగి, నాలుగూ జాగ్రత్తగా తాకి చూడండి. మిగతావి వేడిగా ఉండి ఒకటే చల్లగా ఉంటే అది పని మానేసింది.

"ఖర్చెందుకు, బండి నడుస్తోందిగా" అనే పెద్దలకు మీ టైర్లే జవాబు. గుంటలు గుంటలుగా తినేసి ఉంటాయి, చేత్తో నిమిరితే తెలుస్తుంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటోంది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అధిక లోడుకైతే 20,000, ఆపై ఎక్కువైన ప్రతి టన్నుకూ 2,000. లోడు కోసమే బండి లేపేవాళ్ళకు షాకు కూడా తోడురాదు. నేను నా దిమ్మ తీసేశాను. లేపక తప్పదనుకునేవాళ్ళు ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి, తర్వాత కొలవండి.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి నూజివీడు రోడ్డు స్టాండు దగ్గరుంటాను. టేపు, జాకీ, నాలుగు స్టాండ్లు నావి. బండి ఖాళీగా తీసుకురండి, వెనక బోల్టులకు ముందు రోజే ఆయిల్ పోసి ఉంచండి.

ఇట్లు,
మీ స్టాండులోని ఒక బండివాడు