సరస్సు కావాలి, ఊరు వద్దు

మా టీములో కొత్తజంట ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ చూసొచ్చారు. కొండలు, సరస్సు, ఒడ్డున బుల్లి ఊరు... ఫొటోలు నిజంగానే బావున్నాయి. అవి చూసి ఓ మహానుభావుడు, "పోలవరం నిండనీండి, పాపికొండల్లో మనకీ ఇలాంటి సరస్సే! హనీమూన్‌కి అంత దూరం పోనక్కర్లేదు" అన్నాడు.

అక్కడే నాకు తిక్కరేగింది. బాబూ, ఆ ఫొటోలోంచి ఊరు తీసేసి చూడు. ఏం మిగిలింది? నీళ్ళూ, కొండా. అవి శ్రీశైలం డ్యాం వెనకా ఉన్నాయి. వెయ్యిమంది కూడా లేని ఆ ఊరివాళ్ళు 2023లో టూరిస్టులు తగ్గాలని రోడ్డెక్కారు. ఊరుంది కాబట్టి ఎక్కగలిగారు.

మరి మన దగ్గరో? ఈ నీళ్ళకోసం 2014లో ఖమ్మం జిల్లా ముంపు ప్రాంతాన్ని, భద్రాచలం టౌను మినహా, ఆంధ్రాలో కలిపారు. డ్యాం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. అంత నిండితే, పేరంటాలపల్లిలో బోటు దిగినవాళ్ళకి వెదురుపూలు అమ్మే కొండరెడ్లు తరతరాలుగా బతికిన ఒడ్డే ఉండదు.

ప్రాజెక్టు వద్దనట్లేదు. పొలాలకి నీళ్ళు కావాలి, కరెంటూ కావాలి. కానీ ఒకళ్ళ ఇల్లు మునగడాన్ని మన వీకెండు ప్యాకేజీ లెక్కలో వేసుకోకండి. రేపు అక్కడ రిసార్టు బుక్ చేసేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇక్కడి వాళ్ళకి భూమికి భూమి దక్కిందా? అది తేలకుండా ఆ ప్రశాంతతకి ఫైవ్‌స్టార్ రేటింగ్ ఇవ్వడం నావల్ల కాదు. మీవల్ల అవుతుందా?