పటేల్ షాట్... సంఘం షాట్!

ఒక్క నిమిషం. చేతిలో కాఫీ గ్లాసు పక్కన పెట్టి కళ్లు మూసుకోండి. ఏమేం వినపడుతున్నాయి?

వంటింట్లో కుక్కర్ కూత. నెత్తిమీద ఫ్యాన్ కిర్రుమంటోంది. వీధిలో కూరగాయల బండివాడి కేక. పక్కింటి టీవీలో సీరియల్ సంగీతం. ఇంకాస్త ఆగితే... ఫ్రిజ్ గొణుగుడు, ఎక్కడో ఓ కాకి. ఇవన్నీ ఇందాకటి నుంచీ ఉన్నాయి. మీరే వినలేదు. వినమని చెప్పాక విన్నారు.

మీడియా కోర్సులో సౌండ్ పాఠం మొదలయ్యేది ఇక్కడే. సినిమా, టీవీ, రేడియో ఏది నేర్చుకోవాలన్నా ముందు చెవి తెరుచుకోవాలి. ఆ తర్వాతే మైకు, ఆ తర్వాతే మిక్సింగ్ టేబుల్.

సంగారెడ్డి జిల్లా తెల్లాపూర్‌లో ఉండే కుర్రాడు ఈ పాఠం కోసం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వీధిలోకి వెళ్లాడనుకోండి. అతనికి దొరికే శబ్దాలకు కొదవుండదు. సికింద్రాబాద్-వాడి మార్గంలో వెళ్లే రైళ్లు. లేస్తున్న అపార్ట్‌మెంట్ల దగ్గర కాంక్రీటు మిక్సర్లు. నీళ్ల ట్యాంకర్లు. వీటి మధ్యలో అరుగుమీద కూచుని మాట్లాడుకునే ఇద్దరు ముసలివాళ్లు. చెవికైతే ఆ ముసలివాళ్ల మాటలు స్పష్టంగానే వినిపిస్తాయి. రికార్డ్ చేసి వింటే మాత్రం మిక్సర్ మోతే మిగులుతుంది!

ఎందుకలా? మన చెవి వెనక మనసు ఉంది. కావలసింది తీసుకుని, అక్కర్లేనిది వదిలేస్తుంది. మైకుకు ఆ తెలివి లేదు. దాని ముందు ఏది గట్టిగా పలికితే అదే పెద్దది. అందుకే మైకు మాట్లాడే మనిషికి దగ్గరగా ఉండాలి. ఆరుబయట మైకును రెట్టింపు దూరం జరిపితే మాట సుమారు ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. చుట్టూ ఉన్న రొద మాత్రం తగ్గదు. ఎవరి మాట వినపడాలో మైకు తేల్చుకోలేదు. అది పట్టుకున్న మనిషే తేల్చాలి.

'ఎవరి మాట?' అన్న ఈ ప్రశ్నకు ఇదే జిల్లాలో, తెల్లాపూర్‌కు ఎనభై కిలోమీటర్ల దూరంలో కొందరు ఆడవాళ్లు జవాబు చెప్పారు. అదీ ఏ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కూ వెళ్లకుండా!

మూడు నిమిషాల సీను... ఎన్ని చేతులు?

ఆ కథకు వెళ్లేముందు, కోర్సులో ఏం నేర్పుతారో ఓసారి చూద్దాం. 'మావాడు సినిమా కోర్సు చేస్తానంటున్నాడు' అనగానే ఇంట్లో గుబులు మొదలవుతుంది కదా!

తెర మీద ఇద్దరు మాట్లాడుకునే సీను మూడు నిమిషాల్లో అయిపోతుంది. దానికి పునాది చాలా లోతు. ఇద్దరి మధ్యా ఒక గీత ఉందనుకోవాలి. కెమెరా ఆ గీత దాటితే, ఎదురెదురుగా ఉన్నవాళ్లు ఒకే వైపు చూస్తున్నట్టు కనిపిస్తారు. దీన్నే నూట ఎనభై డిగ్రీల సూత్రం అంటారు. సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు. మన టీవీకి అలవాటైన లెక్క 25. షాట్ ముందు 'టక్'మని కొట్టే క్లాప్ ఉందే, అది దర్జా కోసం కాదు. చెక్కలు కలిసిన ఫ్రేమునూ, టక్‌మన్న శబ్దాన్నీ జత చేస్తే బొమ్మ, మాట ఒక దారిలో పడతాయి.

అన్నిటికంటే వింత పాఠం ఇంకోటుంది. షూటింగ్ అయ్యాక అందరూ కదలకుండా, మాట్లాడకుండా అర నిమిషమో నిమిషమో నిలబడాలి. ఆ గది 'నిశ్శబ్దాన్ని' రికార్డ్ చేస్తారు. ప్రతి గదికీ తనదైన నిశ్శబ్దం ఉంటుంది. ఎడిటింగ్‌లో మాటకూ మాటకూ మధ్య దాన్ని పరచకపోతే, అతుకు చెవికి తెలిసిపోతుంది. బొమ్మ కాస్త వణికినా ప్రేక్షకుడు సర్దుకుంటాడు. మాట వినపడకపోతే మాత్రం లేచి వెళ్లిపోతాడు.

చెవినే నమ్ముకున్నవాళ్లు ఎంత ఎత్తుకు వెళ్లగలరో రసూల్ పూకుట్టి చూపించాడు. కేరళలో బస్ కండక్టర్ కొడుకు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సౌండ్ చదివి, 'స్లమ్‌డాగ్ మిలియనీర్'కు మరో ఇద్దరితో కలిసి 2009లో ఆస్కార్ అందుకున్నాడు. అందరికీ ఆస్కార్ రాదు, నిజమే. కానీ డబ్బింగ్, ఎడిటింగ్, మిక్సింగ్, లొకేషన్ సౌండ్... ఇవన్నీ తెర మీద కనిపించని ఉద్యోగాలే.

మరి ఇవన్నీ వస్తే చాలా? ఇక అసలు కథ.

చేనులోంచి కెమెరా దగ్గరికి

తెల్లాపూర్ నుంచి రామచంద్రాపురం, పటాన్‌చెరు, సంగారెడ్డి మీదుగా ముంబై హైవే పట్టుకుని వెళితే జహీరాబాద్ వస్తుంది. దాన్ని ఆనుకునే పస్తాపూర్. దారిలో ఫ్యాక్టరీలు అయిపోయి, ఎర్రనేలలు మొదలవుతాయి. జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది... వాన మీదే ఆశపెట్టుకున్న పంటలు.

ఇక్కడి పల్లెల్లో 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. ఎక్కువగా దళిత కుటుంబాల మహిళలతో ఊరూరా సంఘాలు ఏర్పడ్డాయి. బీడుపడిన భూముల్ని సాగులోకి తెచ్చుకున్నారు. బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో విత్తనం దాచే పాత పద్ధతిని నిలబెట్టుకున్నారు. సంస్థను నడిపినవాళ్లలో ముఖ్యుడు పి.వి.సతీష్. అంతకుముందు ఆయన దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్. పల్లెల గురించి టీవీ కార్యక్రమాలు పట్నంవాళ్లే ఎందుకు తీయాలి, పల్లెవాళ్లే తీసుకోకూడదా అన్నది ఆయన పట్టుదల. 2023 మార్చిలో ఆయన కన్నుమూశారు.

1990ల చివర్లో ఈ సంఘాల మహిళల చేతికి వీడియో కెమెరా వచ్చింది. కలుపు తీసే చేతులు. కొందరికి అక్షరం ముక్క రాదు. కెమెరా మీద రాతలన్నీ ఇంగ్లిష్‌లో! అయినా నేర్చుకున్నారు. ఫ్రేము కట్టడం, మైకు పట్టడం, ఎడిటింగ్... ఒక్కొక్కటిగా. 2001లో వాళ్లదంటూ కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ఏర్పడింది.

అక్కడే ఒక అద్భుతం జరిగింది. లో యాంగిల్, హై యాంగిల్, ఐ లెవెల్... ఈ ఇంగ్లిష్ పేర్లు వాళ్ల నోటికి పట్టలేదు. తమకు తెలిసిన పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసే షాట్‌కు 'పటేల్ షాట్'. ఎత్తున కూచున్న పటేల్ కింద నిలబడ్డ కూలీని చూసేది అలాగే కదా! కిందినుంచి తలెత్తి పైకి చూసే షాట్‌కు జీతానికి కుదిరినవాడి చూపు పేరు. ఇక కళ్లకు కళ్లు సమానంగా ఉండే షాట్? అది 'సంఘం షాట్'. సంఘంలో అందరూ ఒకే నేల మీద కూచుంటారు. ఒకరు ఎక్కువ కాదు, ఒకరు తక్కువ కాదు.

ఒక్కసారి ఆలోచించండి. పాఠ్యపుస్తకం కెమెరా ఎంత ఎత్తులో ఉందో చూసి షాట్‌కు పేరు పెట్టింది. వీళ్లు ఆ కెమెరా వెనక 'ఎవరి కన్ను' ఉందో చూసి పెట్టారు. సినిమా పాఠం మొత్తం ఈ మూడు పేర్లలో ఉంది. ఏ షాటూ ఊరికే పెట్టేది కాదని, ఎదుటి మనిషిని మనం ఎక్కడ నిలబెడుతున్నామో అది చెప్పేస్తుందని ఇంత తేలిగ్గా చెప్పే పుస్తకం దొరకడం కష్టం.

ఆ కళ్లతోనే వాళ్లు వరంగల్ జిల్లాకు వెళ్లారు. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ తొలి పంటకాలం పొడుగునా అవే చేలకు మళ్లీ మళ్లీ వెళ్లి, అవే రైతులతో మాట్లాడి, పంట ఎలా ఉందో చిత్రించారు. విత్తనం వేసిన నాటి ఆశ, పత్తి ఏరిన నాటి ముఖం... రెండూ టేపులోకి ఎక్కాయి. బీటీ పత్తితో వరంగల్ రైతులకు కోపం ఎందుకొచ్చిందన్నది 2003లో వచ్చిన ఆ చిత్రం విషయం. ఆ పత్తి మీద వాదోపవాదాలు తర్వాతా చాలాకాలం నడిచాయి. ఒక్క రోజు వెళ్లి మైకు ముందుపెట్టి వచ్చేస్తే దొరికేది వార్త. పంటంతా కనిపెట్టుకుని ఉంటే దొరికేది సినిమా. ఆ ఓపిక సేద్యం నేర్పిందే.

స్టేషన్ ఉంది... గాలి లేదు!

బొమ్మ సరే, మరి గొంతు? జహీరాబాద్ దగ్గరి మాచ్నూర్‌లో యునెస్కో సాయంతో రేడియో స్టేషన్ కట్టుకున్నారు. రికార్డింగ్ గది సిద్ధం. అంతా ఉంది, లైసెన్స్ తప్ప!

'ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి' అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలోనే చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన ముగ్గురు న్యాయమూర్తుల్లో జస్టిస్ పి.బి.సావంత్ ఒకరు. మన తెలుగువారు జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డి మరొకరు. కోర్టు చెప్పినా, గాలి మాత్రం పల్లె చేతికి రాలేదు. 2000 జులైలో కమ్యూనిటీ రేడియో కావాలంటూ వెలువడిన ప్రకటనకు 'పస్తాపూర్' పేరే పెట్టారు. తర్వాత విద్యాసంస్థలకు దారి తెరిచారు. స్వచ్ఛంద సంస్థలకు అనుమతినిచ్చే విధానం 2006 నవంబరులో గానీ రాలేదు.

అప్పటిదాకా ఆ ఆడవాళ్లు చేతులు కట్టుకుని కూచోలేదు. పాటలు, విత్తనం ముచ్చట్లు, మందుమొక్కల సంగతులు, పండుగల కబుర్లు క్యాసెట్లలో నింపారు. సంఘం కూచున్న చోట టేప్‌రికార్డర్‌లో వినిపించారు. గాలిలో వెళ్లనివ్వకపోతే చేతులతో మోసుకెళ్లారన్నమాట!

చివరికి 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. 90.4 ఎఫ్ఎంలో. దేశంలో ఒక స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యంలో మొదలైన తొలి కమ్యూనిటీ రేడియో ఇదే. ప్రారంభించింది ఎవరో తెలుసా? ఆనాడు తీర్పు ఇచ్చిన జస్టిస్ సావంతే. ఐక్యరాజ్యసమితి పిలుపుతో ప్రపంచం తొలి గ్రామీణ మహిళా దినోత్సవం జరుపుకున్నదీ ఆ రోజే. స్టేషన్ బాధ్యత మోసిన జనరల్ నరసమ్మ, అల్గోల్ నరసమ్మ ఇద్దరూ ఆ పల్లెల బిడ్డలే.

ఆ రేడియోలో వినపడింది జహీరాబాద్ పల్లె మాట. దిద్దని, ఇస్త్రీ చేయని యాస. ఇది చిన్న విషయం కాదు. తెలుగు సినిమాలో ఏళ్ల తరబడి తెలంగాణ యాస విలన్‌కో, నవ్వించే పాత్రకో దక్కింది. హీరో, హీరోయిన్లకు 'మంచి భాష'. డబ్బింగ్ గదిలో చాలామంది సొంత గొంతులే మారిపోయాయి. 2017లో 'ఫిదా'లో బాన్సువాడ అమ్మాయి పాత్రకు సాయిపల్లవి తన గొంతుతోనే ఆ యాస మాట్లాడితే జనం పులకించారు. 2023లో 'బలగం' ఊరి మాటతోనే ఇంటింటి సినిమా అయింది. సినిమా ఈ దారికి రావడానికి చాలా ముందే సంఘం ఆడవాళ్లు తమ మాటను తామే మైకులోకి ఎక్కించారు, ఎవరి అనుమతీ అడక్కుండా.

ఇంటి నుంచే మొదలు

మళ్లీ తెల్లాపూర్‌కు వద్దాం. ఈ ఊరి పక్కనే, గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు స్కూల్ ఉంది. అక్కడ మీడియా చదువు చెబుతారు. పల్లె రేడియోల మీద ఏళ్లుగా పనిచేసిన ఆచార్యులూ అక్కడి వాళ్లే. అంటే పస్తాపూర్ పాఠం క్లాసురూముకు ఎప్పుడో చేరింది. చేరాల్సింది ఇళ్లకే!

ఇవాళ పిల్లల చేతిలోని సెల్‌ఫోన్ పస్తాపూర్‌కు మొదట వచ్చిన కెమెరా కంటే చాలా పనులు చేయగలదు. పరికరం కోసం పదేళ్లు ఆగక్కర్లేదు. లైసెన్స్ కోసం ఢిల్లీ వైపు చూడక్కర్లేదు. కానీ ఒకటి మాత్రం ఏ ఫోనుతోనూ రాదు. ఎవరి దగ్గర కూచోవాలి, ఎంతసేపు వినాలి అన్నది.

చేలున్నచోట అంతస్తులు లేచిన ఊరిది. ఇక్కడ జొన్న పండిన రోజులు తెలిసిన పెద్దవాళ్లు కొందరున్నారు. కట్టడాల దగ్గర వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కూలీలున్నారు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్ట్ దిగి వచ్చే నాన్నలున్నారు. వాళ్లను ఎవరూ అడగరు. అడిగినా మిక్సర్ మోత ఆగేదాకా ఎవరూ ఆగరు.

అందుకే మీ ఇంట్లో మీడియా కోర్సు అంటున్న పిల్లలుంటే 'ఎంత ఫీజు?' అని అడగండి, తప్పులేదు. 'ఉద్యోగం వస్తుందా?' అనీ అడగండి. దాంతోపాటు ఇంకో చిన్న పని చెప్పండి. ఈ ఆదివారం నానమ్మ దగ్గరో, అమ్మమ్మ దగ్గరో కూచోమనండి. కుర్చీలో కాదు, ఆమె నేల మీద ఉంటే నేల మీదే. ఫ్యాను ఆపి, ఫోను ఆమె నోటికి దగ్గరగా పెట్టి, ఒక్క మాట అడిగి ఊరుకోమనండి. మధ్యలో ఆమె ఆగితే తొందరపెట్టొద్దు. ఆ నిశ్శబ్దాన్నీ రికార్డ్ కానివ్వాలి.

అదే తొలి పాఠం. ఆ షాట్ పేరేంటో మీకిప్పుడు తెలుసు!