పిడికెడు బియ్యం ఎవరివి?

మొన్న డిసెంబరులో మా ఊరి చర్చి నుంచి ఫోన్ వచ్చింది. "అమ్మా, క్రిస్మస్‌కి ముందు ఔట్‌రీచ్ ప్రోగ్రాం పెట్టుకున్నాం. మన సంఘంలో డాక్టరేట్ చేసిన ఆడబిడ్డవి నువ్వు. నీ చేతుల మీదుగా పేదలకు చీరలు ఇప్పిద్దామని కమిటీ అనుకుంది" అన్నారు అయ్యగారు. కాదనలేకపోయాను. నా బాప్తిస్మం ఆ చర్చిలోనే జరిగింది. అక్షరాలు కూడా ఆ చర్చి వరండాలోనే దిద్దాను.

వెళ్ళాను. షామియానా వేశారు. ఫ్లెక్సీ మీద పెద్దల ఫొటోలు, కింద మూలన నా ఫొటో. మైకులో ఒక్కో పేరు పిలుస్తున్నారు. నాలుగో పేరు మా పిన్నిది, మా అమ్మ సొంత చెల్లెలిది.

పిన్ని నెత్తిన చెంగు కప్పుకుని వచ్చింది. చీర నా చేతిలో ఉంది. ఫొటోగ్రాఫర్ "ఇటు చూడండమ్మా, కెమెరా వైపు" అంటున్నాడు. పిన్ని చూడలేదు. నేనూ చూడలేదు. చీర అందుకుంటూ నాకు మాత్రమే వినపడేలా అంది: "ఎప్పుడొచ్చావే? అన్నం తినకుండా వెళ్ళకు."

ఆ ఫొటో వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. కింద "ఔట్‌రీచ్ టు ద పూర్" అని రాశారు. నాకు కూడా పంపారు. అప్పటి నుంచి ఆ మాట నన్ను వదలడం లేదు. ఈ వారం దాని గురించే రాస్తున్నాను.

ఆ రాత్రి పిన్ని ఇంట్లో అన్నం తిన్నాను. వంటింట్లో పొయ్యి పక్కన ఒక చిన్న కుండ ఉంది. దాని సంగతి మన సంఘాల ఆడవాళ్ళకి చెప్పనక్కర్లేదు, మిగతా మిత్రుల కోసం చెబుతాను. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేస్తారు. అది దేవుడి భాగం. ఆదివారం నాడు గుడికి తీసుకెళ్తారు. ఆ బియ్యం అమ్మితే వచ్చిన డబ్బు సంఘం ఖర్చులకి పోతుంది. పిన్ని కాపురానికి వచ్చినప్పటి నుంచి ఒక్క పూట కూడా ఆ పిడికెడు మానలేదు. ఇంట్లో ఇద్దరికే అన్నం సరిపోయే రోజుల్లోనూ మానలేదు. మా అమ్మమ్మా అంతే.

మరి ఎవరు ఎవరికి ఇచ్చినట్టు? నలభై ఏళ్ళు సంఘాన్ని పోషించిన మనిషికి సంఘం ఒక చీర ఇచ్చి, దానికి ఔట్‌రీచ్ అని పేరు పెట్టింది. చెయ్యి చాచి బయటివాళ్ళని అందుకోవడం అని కదా ఆ మాటకి అర్థం! మా పిన్ని బయటిది ఎప్పుడైంది?

కొంచెం చరిత్రలోకి వెళదాం. 1841లో హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ అనే ఇద్దరు ఆంగ్లికన్ మిషనరీలు మచిలీపట్నంలో దిగారు. నోబుల్ 1843లో బడి పెట్టాడు. ఆ బడి పై కులాల పిల్లల కోసం. పైవాళ్ళు మారితే కిందివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారని ఆయన లెక్క. మాల, మాదిగ పిల్లలకి ఆ బడిలో చోటు లేదు. తెలుగు నేల మీద ఆంగ్లికన్ల తొలి పెద్ద ఔట్‌రీచ్ మన ముఖం మీద తలుపు వేసే మొదలైంది. ఆ బడి నుంచి క్రైస్తవులైనవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది.

సంఘం ఎలా పెరిగింది మరి? రాఘవాపురం నుంచి పాగోలు వెంకయ్య అనే మాల మనిషి 1859లో బెజవాడ వెళ్ళి డార్లింగ్ అనే మిషనరీని కలిశాడు. ఆయన దగ్గరికి ఎవరూ పోలేదు. ఆయనే వెతుక్కుంటూ వెళ్ళాడు. తర్వాత తన వాళ్ళని తీసుకొచ్చాడు. వాళ్ళు చుట్టాలకి చెప్పారు. వాడ నుంచి వాడకి నడిచి పోయింది ఆ మాట. ఈ కథలో ఔట్‌రీచ్ చేసింది ఎవరు?

దోర్నకల్ కథ కూడా ఇదే. 1912లో అజరయ్య గారు మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యారు. ఆయన్ని పొగిడే పుస్తకాలు చాలా ఉన్నాయి. ఆయన గొప్పతనాన్ని నేను తగ్గించడం లేదు. అయితే ఊరూరా బడి నడిపింది, రాత్రి పూట లాంతరు వెలుగులో అక్షరాలు చెప్పింది, పాటలు కట్టి నేర్పింది మన వాడల నుంచి వచ్చిన పంతుళ్ళు. పగలు బడి, సాయంత్రం ప్రార్థన, మధ్యలో ఊరి దొరలతో తగాదా, అన్నీ ఆ ఒక్క మనిషి పనే. పోషించింది పిడికెడు బియ్యం, కోత పండుగకి తెచ్చిన ధాన్యం, కోళ్ళు, గుమ్మడికాయలు. ఆ పంతుళ్ళలో ఎక్కువ మంది పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి సీఎస్‌ఐ అయ్యారు. బిషప్పుల పాలన అలాగే ఉంది. ఎపిస్కోపల్ అనే మాటకి అర్థం అదే. బళ్ళు, కాలేజీలు, ఆసుపత్రులు, స్థలాలు అన్నీ సంఘానికి వచ్చాయి. అసలు అవకాశాలు అక్కడున్నాయి. చీరల్లో కాదు.

ఇక్కడ ఒక చట్టం సంగతి తెలియాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరిచారు, మనకి తెరవలేదు. తెలుగు రాష్ట్రాల్లో మనకి ఇచ్చింది బీసీ-సీ కింద ఒక్క శాతం. ఇంకోవైపు, 93వ రాజ్యాంగ సవరణతో చేరిన 15(5) అధికరణ రిజర్వేషన్ల నుంచి మైనారిటీ విద్యాసంస్థలని మినహాయించింది. రెండూ కలిపి చూడండి. సర్కారు మనల్ని క్రైస్తవులు కాబట్టి ఎస్సీలు కాదంటుంది. చర్చి కాలేజీ మాది మైనారిటీ సంస్థ కాబట్టి రిజర్వేషన్ వర్తించదంటుంది. ఆ మైనారిటీ హోదా ఎవరి తలలు లెక్కపెడితే వచ్చింది? మన తలలే. లెక్కకి మనం కావాలి, సీటుకి అక్కర్లేదు.

నా దగ్గర డిగ్రీ చదివిన ఒక అమ్మాయి ఉంది. వాడ చర్చిలో సండే స్కూల్ చెప్పిన పిల్ల. పీజీ అయ్యాక చర్చి నడిపే ఒక కాలేజీకి ఉద్యోగం కోసం వెళ్ళింది. అక్కడ సర్టిఫికెట్లు చూడకముందే అడిగారట, "ఎవరి తాలూకు అమ్మాయివి?" అని. "ఎవరి తాలూకూ కాదండీ" అందట. తిరిగొచ్చి నాకు చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "సంఘం తాలూకు" అనే జవాబు ఆ గదిలో చెల్లదని ఆ పిల్లకి ఇరవై మూడేళ్ళకే తెలిసిపోయింది.

ఇది ఒక్క మన దగ్గరే జరిగింది కాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో నల్లవాళ్ళు మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తుంటే లేపి పక్కకి పొమ్మన్నారు. వాళ్ళు ఆ మెథడిస్టు చర్చి వదిలి బయటికి నడిచారు. అబ్సలోం జోన్స్ నాయకత్వంలో 1794లో సెయింట్ థామస్ పేరుతో సొంత చర్చి కట్టుకుని ఎపిస్కోపల్ సంఘంలో చేరారు. జోన్స్ ఆ సంఘంలో తొలి నల్లజాతి ప్రీస్టు అయ్యాడు. కానీ డయాసిస్ సభలో ఆ చర్చికి దశాబ్దాల పాటు చోటివ్వలేదు. ప్రార్థన చేసుకోండి, చందా ఇవ్వండి, నిర్ణయాలు మాత్రం మేం చేస్తాం అని! ఆ చరిత్ర చదువుతుంటే మా పాస్టరేట్ కమిటీ మీటింగే కళ్ళ ముందు కనపడింది.

మార్పు రాలేదని అనను. 2013లో నంద్యాల డయాసిస్‌కి పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. సీఎస్‌ఐలో తొలి మహిళా బిషప్ మన తెలుగు నేల మీదే అయ్యారు. అంత పెద్ద కుర్చీలో ఒక స్త్రీ కూర్చోగలిగినప్పుడు, బియ్యం పోసే స్త్రీలు ఆ బియ్యం లెక్క చూసే కమిటీలో ఎందుకు కూర్చోలేరు?

కొందరు అన్నలు ఇప్పటికే అంటున్నారు, "చెల్లీ, అసలే చర్చిల మీద దాడులు జరుగుతున్నాయి, ఈ టైములో లోపలి మాట బయట పెడతావా?" అని. వాళ్ళ భయం నాకు తెలుసు. ఆదివారం తెల్లచీర కట్టుకుని బయల్దేరే అమ్మలకి వీధిలో ఎదురయ్యే చూపులు నాకూ తెలుసు. అయితే ఒక్క మాట. రేపు చర్చి మీదికి ఎవరైనా వస్తే గేటు ముందు నిలబడేది ఎవరు? ఎవరి తాలూకానో చెప్పి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ళా, మా పిన్నా? నిలబడేవాళ్ళకి లోపల చోటు లేకపోతే ఆ గోడ ఎన్నాళ్ళుంటుంది? డీకనరీ ఎన్నికలు రాగానే మాల ఓట్లెన్ని, మాదిగ ఓట్లెన్ని అని మనమే లెక్కలు వేసుకుంటున్నాం. ఈ మాట అనకుండా ఎదుటివాళ్ళని అడిగే హక్కు నాకు లేదు.

నేను అడిగేవి పెద్దవి కావు. చర్చి కాలేజీల్లో వాడ సంఘాల పిల్లలకి ఎన్ని సీట్లిచ్చారో ఏటా కోత పండుగ నాడు గుడిలో చదివి వినిపించండి. ఉద్యోగం ఉంటే నోటీసు ప్రతి పల్లె చర్చి తలుపు మీద అంటించండి. ఇంటర్వ్యూలో "ఎవరి తాలూకు" అనే ప్రశ్న ఆపండి. స్త్రీల మైత్రి నుంచి ఇద్దరిని లెక్కలు చూసే చోట కూర్చోబెట్టండి. చీరలు ఇవ్వాలనుకుంటే ఇవ్వండి. ఇచ్చేటప్పుడు కెమెరా పక్కన పెట్టండి.

ఈ ఏడాది మళ్ళీ ఫోన్ వస్తే ఏం చెప్పాలో అనుకుని పెట్టుకున్నాను. "అయ్యగారూ, వస్తాను. కానీ స్టేజీ మీదికి కాదు. పిన్ని పక్కన చాప మీద కూర్చుంటాను. సంఘం లెక్కలు చదివితే వింటాను" అంటాను. పిన్నికి ఈ సంగతి చెబితే, "లెక్కలు అడిగితే అయ్యగారికి కోపం వస్తుందేమోనే" అంది. కాసేపు ఊరుకుని, ఎసట్లో పోయబోతున్న బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి కుండలో వేస్తూ, "అయినా అడుగు" అంది.

జై భీమ్.