ముందు డిఫరెన్షియల్ హద్దు అమ్మేటప్పుడే చెప్పాలి

ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ముందు డిఫరెన్షియల్ పగిలిందంటే చాలు, రెండు తీర్పులు వెంటనే వినిపిస్తాయి. నాసిరకం సామాను పెట్టారని యజమాని కంపెనీని తిడతాడు. మోటుగా వాడారు కాబట్టి వారంటీ వర్తించదని సర్వీస్ సెంటర్ యజమాని మీదకే నెడుతుంది. చివరికి బిల్లు కట్టేది యజమానే. రెండు వాదనల్లోనూ ఎంతో కొంత నిజముంది. కానీ ముందు డిఫరెన్షియల్ ఎప్పుడు, ఎందుకు పగులుతుందో వాహన ఇంజినీర్లకు దశాబ్దాలుగా తెలుసన్న సంగతి రెండు పక్షాలూ పట్టించుకోవు. ఆ సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. 2020 అక్టోబరు 2న కొత్త థార్, 2023 జూన్‌లో జిమ్నీ, 2024 ఆగస్టు 15న థార్ రాక్స్ వచ్చాక, అంతకుముందు కార్లు మాత్రమే నడిపినవాళ్లు ఎందరో ఫోర్ వీల్ లివర్ మీద తొలిసారి చెయ్యి వేశారు. ఆ లివర్‌తో ఏం చేయొచ్చో ప్రకటనలు చెబుతాయి. ఏం చేయకూడదో తాళాలు చేతికిచ్చే రోజున చెప్పేవాళ్లు అరుదు. యంత్రం బలహీనత కన్నా, డ్రైవర్ దుడుకుతనం కన్నా, ఈ చెప్పకపోవడమే పెద్ద లోపమని నా వాదన.

మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి. ఆ వీలు కల్పించేది డిఫరెన్షియల్. ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర ఉండే పినియన్ పెద్ద క్రౌన్ చక్రాన్ని తిప్పుతుంది, క్రౌన్‌తో పాటు తిరిగే గూడులోని స్టార్ గేర్లు రెండు యాక్సిల్ షాఫ్టులకూ శక్తిని పంచుతాయి. మన దగ్గర అమ్ముడయ్యే ఇలాంటి బళ్లలో చాలావాటికి మామూలు రోడ్డు మీద వెనక చక్రాలే నడుస్తాయి, ముందు డిఫరెన్షియల్‌కు పని పడేది ఎప్పుడో ఒకప్పుడు. పైగా ముందువైపు ఇంజన్ ఉంటుంది, స్టీరింగ్ ఉంటుంది, చక్రాలు పైకీ కిందికీ ఆడాలి, కింద రాళ్లకు తగలకుండా ఎత్తుండాలి. అంత ఇరుకులో పెద్ద డిఫరెన్షియల్ పట్టదు. అందుకే చాలా బళ్లలో దాన్ని వెనకదాని కన్నా చిన్నగా చేస్తారు. ఇది మోసం కాదు, లెక్క చూసుకుని తీసుకున్న నిర్ణయం. ఆ లెక్క మొత్తం ఒక ఊహ మీద నిలబడి ఉంటుంది. భారం మరీ ఎక్కువైతే ముందు టైరు జారుతుంది, టైరు జారితే గేర్ల మీద బరువు దిగిపోతుంది. బురదలోనో ఇసుకలోనో టైరు తిరిగిపోతుంటే డ్రైవర్‌కు విసుగే గానీ, క్రౌన్ పళ్లను కాపాడేది ఆ జారుడే. ముందు డిఫరెన్షియల్ పగిలే సందర్భాలను ఒక్కొక్కటే చూడండి, ఒక్క నీళ్ల సంగతి తప్ప దాదాపు ప్రతిచోటా ఆ జారుడుకు అవకాశం లేకుండా పోయి ఉంటుంది.

అన్నింటికన్నా ప్రమాదకరమైంది రివర్స్. కొత్తగా ఆఫ్‌రోడింగ్‌కు వచ్చినవాళ్లకు ఈ సంగతి దాదాపుగా తెలియదు. క్రౌన్ పంటికి రెండు ముఖాలుంటాయి. బండి ముందుకు లాగేటప్పుడు ఒత్తిడి ఒక ముఖం మీద, వెనక్కి లాగేటప్పుడు రెండో ముఖం మీద పడుతుంది. ముందు యాక్సిల్ కోసమే ప్రత్యేకంగా కోసిన గేర్లలో ముందుకు లాగే ముఖమే బలమైనది. రివర్స్‌లో రెండో ముఖం మీద భారం పడినప్పుడు పినియన్, క్రౌన్ ఒకదాన్నొకటి ఎడంగా నెట్టుకుంటాయి, హౌసింగ్ కాస్త సాగుతుంది, పళ్లు పూర్తి వెడల్పున కాకుండా అంచుల దగ్గరే ఆనుకుంటాయి. (వెనక యాక్సిల్ గేర్లనే తెచ్చి ముందు పెట్టిన కొన్ని పాత నమూనాల్లో ఈ బలహీన ముఖమే ముందుకు లాగేటప్పుడు కూడా భారం మోస్తుంది.) ఇప్పుడు బండి ముక్కు ఒక వాగు గట్టు దిగి గుంతలో ఇరుక్కుందనుకోండి. వెనక్కి ఎక్కించాలి. బండి ముందుకు వాలి ఉంది కాబట్టి బరువంతా ముందు చక్రాల మీదే ఉంది. వెనక చక్రాలు తేలికై ఊరికే తిరుగుతాయి. మధ్యలో డిఫరెన్షియల్ లేని ఫోర్ వీల్ వ్యవస్థలో శక్తి సగం సగంగా చీలదు, పట్టు ఎక్కడుంటే అక్కడికే పోతుంది. అంటే చిన్న డిఫరెన్షియల్ మీద, దాని బలహీనమైన ముఖం మీద, వేగం తగ్గించి బలం పెంచే లో రేంజ్‌లో దాదాపు మొత్తం భారం పడుతుంది. 300 న్యూటన్ మీటర్ల ఇంజన్, 4 నిష్పత్తి గేరు, 2.5 నిష్పత్తి లో రేంజ్ అనుకుంటే షాఫ్టుకు చేరేది 3000 న్యూటన్ మీటర్లు. ఆ క్షణంలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే పన్ను విరగడంలో ఆశ్చర్యం లేదు. ఇలాంటి చోట వించ్‌తోనో, వేరే బండికి కట్టిన తాడుతోనో లాగించుకోవడం నామోషీ కాదు.

రెండోది దెబ్బ. ఒక చక్రం గాలిలో లేచి జోరుగా తిరుగుతూ ఉన్నట్టుండి రాయి మీద దిగితే, అప్పటిదాకా తిరుగుతున్న షాఫ్టులు, గేర్ల వేగమంతా క్షణంలో క్రౌన్ పళ్ల మీద పడుతుంది. సాధారణ లెక్కల్లో చూపే టార్క్‌కు ఈ దెబ్బతో పోలికే లేదు. ఒక చక్రం కదలకుండా రెండోది తిరుగుతుంటే, తిరిగే చక్రం వేగం క్రౌన్ వేగానికి రెండింతలు ఉంటుంది. మలుపుల్లో నెమ్మదిగా కదలడానికి చేసిన స్టార్ గేర్లు అప్పుడు తమ పిన్ను మీద గిరగిరా తిరుగుతాయి. ఆ పిన్నుకు ఆయిల్ సరిగా అందదు, అది వేడెక్కి గీతలు పడుతుంది, ఆ తర్వాత పట్టేస్తుంది. ఇరుక్కున్న బండిని చక్రాలు పొగలు కక్కేదాకా తొక్కితే బయటపడుతుందనే అపోహకు బలయ్యేది ఈ పిన్నే. ఫోర్స్ గూర్ఖాకు ముందూ వెనకా డిఫరెన్షియల్ లాక్‌లు కంపెనీ నుంచే వస్తాయి. ముందు లాక్ వేస్తే రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి, నిజంగానే గొప్ప సాయం. కానీ పట్టు ఒక్క చక్రానికే దొరికితే యాక్సిల్ భారమంతా ఆ ఒక్క షాఫ్టు మోయాలి. కాబట్టి లాక్ వేశాక కాలు మరింత తేలిగ్గా పడాలి.

మూడోది టైర్ల మోజు, దాని గురించి వేరే చెప్పాలి. కొత్త థార్‌కు కంపెనీ ఇచ్చే 18 అంగుళాల రిమ్ టైరు మొత్తం ఎత్తు దాదాపు 31 అంగుళాలు. దాని చోట 33 వేస్తే వ్యాసార్థం సుమారు 6 శాతం, 35 వేస్తే సుమారు 13 శాతం పెరుగుతుంది. అదే పట్టుకు డిఫరెన్షియల్ మోసే భారమూ అంతే పెరుగుతుంది. ఇక టైరు వెడల్పై, బరువై, పట్టు పెరిగితే జారాల్సినచోట జారదు. సస్పెన్షన్ ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్లు యాక్సిల్ కీళ్లను వంకర కోణంలో పనిచేయిస్తాయి, దాంతో గోరుచుట్టు మీద రోకటిపోటే. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు స్పెసిఫికేషన్లను మార్చడాన్ని కట్టడి చేస్తోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అయినా టైర్ల దుకాణాల్లో ఈ మార్పు యథేచ్ఛగా సాగుతోంది. ఇక్కడ తప్పు యజమానిదే, దాన్ని కప్పిపుచ్చే ఉద్దేశం నాకు లేదు.

నాలుగోది తారు రోడ్డు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా పెద్ద వలయంలో తిరుగుతాయి. లివర్ ఫోర్ హైలో ఉంటే ముందూ వెనకా షాఫ్టులు ఒకే వేగంతో తిరిగి తీరాలి. మట్టిలో ఆ తేడాను టైరు జారి సర్దేస్తుంది, పొడి తారు మీద సర్దలేదు. స్టీరింగ్ బరువెక్కుతుంది, మలుపులో బండి గింజుకుంటుంది, లివర్ టూ హైకి రాకుండా మొరాయిస్తుంది. ఇవన్నీ గేర్లు మెలిపడ్డాయనడానికి గుర్తులే. మన రైతులకు ఈ పాఠం కొత్త కాదు. మాగాణిలో దమ్ము చేసే ఫోర్ వీల్ ట్రాక్టర్‌లో ముందు చక్రాలు వెనక వాటికన్నా కొద్ది శాతం వేగంగా లాగేలా అమరుస్తారు. ముందూ వెనకల్లో ఒకచోట అరిగిన టైర్లు, మరోచోట కొత్తవి వేసి ఆ నిష్పత్తి చెడగొట్టినా, పొలం నుంచి రోడ్డెక్కాక ఫోర్ వీల్ తీయడం మరిచినా ముందు టైర్లు ఇట్టే అరుగుతాయి, ముందు యాక్సిల్ గేర్ల మీద ఒత్తిడి నిలిచిపోతుంది. ట్రాక్టర్ నడిపే కుర్రాడికి ఉన్న ఈ ఇంగితం లక్షలు పోసి బండి కొన్నవాళ్లకు అందకపోవడం విచారకరం.

నీళ్లు చేసే హాని తీరు వేరు, అది చప్పుడు లేకుండా జరుగుతుంది. వేడెక్కిన హౌసింగ్ చల్లని వాగులో మునిగితే లోపలి గాలి కుంచించుకుని, గాలి ఆడటానికి పెట్టిన బ్రీదర్ గుండానో సీళ్ల గుండానో నీటిని లోపలికి లాగుతుంది. ఆ రోజు ఏమీ తెలియదు. కొన్ని వారాల తర్వాత బేరింగ్ కూత పెడుతుంది. వాగు దాటి వచ్చాక డ్రెయిన్ బోల్టు విప్పి చూడండి. ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే మార్చేయాలి. బోల్టు అయస్కాంతానికి మెత్తని బూడిదరంగు పేస్టు అంటుకుని ఉంటే మామూలు అరుగుదలే. అంచులు తేరిన లోహపు ముక్కలుంటే మాత్రం బండిని అక్కడే ఆపాలి. బ్రీదర్‌కు గొట్టం వేసి పైకి తీసుకుపోవడానికి పెద్ద ఖర్చు కాదు, బేరింగులు మార్చే ఖర్చుతో పోలిస్తే అది లెక్కలోకే రాదు.

ఇన్ని జాగ్రత్తలు కొనేవాడికి చెప్పే బదులు కంపెనీయే గట్టి డిఫరెన్షియల్ పెట్టొచ్చుగా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. 1998లో అమెరికా మార్కెట్‌లోకి వచ్చిన టయోటా ల్యాండ్ క్రూయిజర్ 100 సిరీస్‌లో ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ పెట్టారు. తొలి ఏళ్ల బళ్లలో ముందు డిఫరెన్షియల్‌కు రెండు స్టార్ గేర్లే ఉండేవి, తర్వాత నాలుగు చేశారు. ఆస్ట్రేలియా వంటి చోట్ల అదే బాడీ కింద ఒకే కడ్డీ లాంటి గట్టి ముందు యాక్సిల్‌తో 105 మోడల్ కూడా అమ్మారు. అంటే కంపెనీ తలుచుకుంటే బలం పెంచగలదు, మన కంపెనీలనూ అడగాల్సిందే. కానీ ఎంత పెంచినా హద్దు పోదు, ఇంకాస్త దూరం జరుగుతుందంతే. క్రౌన్‌ను పెద్దది చేస్తే కింద ఎత్తు తగ్గుతుంది, బరువూ ఇంధనం ఖర్చూ పెరుగుతాయి, అప్పుడు విరిగేది యాక్సిల్ కీలో, ట్రాన్స్‌ఫర్ కేసో అవుతుంది. ఎంత గట్టి బండికైనా హద్దు తెలియని చేతిలో అదే గతి.

ఓనర్స్ మాన్యువల్‌లో అన్నీ రాశాం కదా అన్నది కంపెనీల జవాబు. పొడి రోడ్డు మీద ఫోర్ వీల్ వాడొద్దని రాసి ఉంటుంది, నిజమే. కానీ వందల పేజీల ఇంగ్లిష్ పుస్తకంలో ఒక హెచ్చరికను చేర్చి చేతులు దులుపుకుంటే సరిపోదు. అదే బండి ప్రకటనలో బురద చిమ్ముతూ వాగులు దాటుతుంది, రాళ్లెక్కుతుంది. కొనేవాడి మనసులో నిలిచేది ఆ బొమ్మే. ఆ బొమ్మ చూపించి అమ్మి, ఆ బొమ్మలోలాగే నడిపితే దుర్వినియోగమనడం న్యాయం కాదు. సరైన వాడుక గురించి తగిన సూచనలు లేక వినియోగదారుడికి హాని జరిగితే తయారీదారుకు బాధ్యత ఉంటుందని 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ అంగీకరించింది. వస్తువు తనకు తాను పాడవడం ఆ నిర్వచనంలోకి రాదు, కాబట్టి విరిగిన క్రౌన్ బిల్లు దాని కింద రాబట్టలేం. అయినా ఆ సెక్షన్ వెనకున్న సూత్రం ఇక్కడికీ వర్తించాలి.

ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా, పత్రికలకెక్కేంత విషయమా అనేవాళ్లూ ఉన్నారు. చాలా బళ్లలో టూ వీల్‌కు మార్చినా చక్రాలతో పాటు ముందు డిఫరెన్షియల్ లోపల తిరుగుతూనే ఉంటుంది. విరిగిన పంటి ముక్క ఒకటి పళ్ల మధ్య ఇరుక్కుంటే హైవే మీద ముందు చక్రాలు బిగుసుకుపోవచ్చు, స్టీరింగ్ మాట వినకపోవచ్చు. అప్పుడు ప్రమాదంలో పడేది ఆ బండిలోవాళ్లే కాదు, ఎదురొచ్చేవాళ్లు కూడా. పైగా ఘాట్ రోడ్లలో, వానాకాలపు ఏజెన్సీ దారుల్లో ఈ ఫోర్ వీల్ ఒక్కోసారి ప్రాణాలు నిలిపే సాధనం.

అందుకే అడిగేది పెద్ద కోరికేమీ కాదు. ఫోర్ వీల్ బండి డెలివరీ ఇచ్చే ప్రతి షోరూమ్ ఒక పేజీ తెలుగు కాగితం ఇవ్వాలి. పొడి తారు మీద ఫోర్ వీల్ వద్దని, ఎగువకు రివర్స్‌లో యాక్సిలరేటర్ తొక్కొద్దని, తిరిగే చక్రం పట్టు దొరికేలోపు కాలు తీయమని, టైరు ఎంత సైజు దాటకూడదో, నీళ్లలో దిగాక ఆయిల్ ఎప్పుడు చూడాలో, వీటిలో దేనికి వారంటీ వర్తించదో అందులో స్పష్టంగా ఉండాలి. మట్టి నేల మీద ఒక గంట నడిపించి చూపించాలి. కొనేవాళ్లు కూడా ఆ కాగితం చేతికొచ్చి, సంతకాలు పడేదాకా తాళాలు తీసుకోకూడదు.